ఫోటో వెనుక పేరు: అరవైల తిరుగుబాటు, మన జ్ఞాపకం

1

సాహిత్యంలో ఒక దశాబ్దాన్ని గుర్తు చేసుకోవడమంటే ఏమిటి? ఆనాటి రచనల్ని తిరిగి చదవడమా, ఆనాటి మనుషుల ముఖాల్ని తిరిగి చూడడమా? ఈ ప్రశ్న నాకు గ్రంథాలయంలో కూర్చున్నప్పుడు పుట్టలేదు. కురవి దగ్గర నేను పాఠం చెప్పే బడిలో, పదో తరగతి పిల్లల వీడ్కోలు రోజున పుట్టింది.

ఆ రోజు పిల్లలు పాతకాలపు వేషాలు వేసుకు రావాలని తీర్మానించుకున్నారు. ఆడపిల్లలు రెండు జడలు వేసుకుని, వెడల్పు రిబ్బన్లు కట్టుకొచ్చారు. మగపిల్లలు ఎక్కడెక్కడో వెతికి బెల్ బాటమ్ ప్యాంట్లు, పెద్ద కాలర్ల చొక్కాలు సంపాదించారు. ఒకడు నల్లకళ్లద్దాలు పెట్టుకుని, నుదుటికి గుడ్డ కట్టుకుని, చే గువేరా బొమ్మ ఉన్న చొక్కా తొడుక్కొచ్చాడు. ‘ఈయన ఎవరురా?’ అని అడిగితే, ‘ఆటోల మీద ఉంటడు గద సార్’ అన్నాడు. అబద్ధం చెప్పలేదు. కురవి నుంచి మానుకోటకు పోయే ఆటోల వెనుక అద్దాల మీద ఆ ముఖాన్ని నేనూ చూశాను. వాడికి ఆ ముఖం పరిచయం ఆటోలోనే జరిగింది. అంతకు మించి చెప్పినవాళ్లు లేరు. చెప్పవలసిన వాళ్లలో నేనూ ఒకణ్ణి.

ఆ సాయంత్రం పిల్లలకు మా ఇంటి ఫోటో ఒకటి చూపించాను. 1969లో మా పెదనాన్న, ఆయన మిత్రులిద్దరు తీయించుకున్నది. ముగ్గురికీ చెవులు కప్పే జుట్టు. చే చొక్కా పిల్లవాడు దాన్ని చేతిలోకి తీసుకుని, ‘గీయన హిప్పీయా సార్?’ అన్నాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. అరవైల నాటి ఆగ్రహం ఈనాటి పిల్లవాడికి జుట్టుగా, చొక్కాగా, కళ్లద్దాలుగా మాత్రమే చేరిందంటే, అది చేరిన దారి ఏది? ఆ దారిలో ఏది రాలిపోయింది? రాల్చినవాళ్లు ఎవరు? ఇది వేషాల గురించిన ప్రశ్న కాదు. సాహిత్య చరిత్రను ఎలా రాయాలి, ఎలా బోధించాలి అన్న ప్రశ్న.

2

ముందుగా ఆ ఫోటో సంగతి చెబుతాను. చిన్న ఉదాహరణే అయినా, పెద్ద విషయాలకు అది తాళంచెవి.

1969 మొదటి నెలల్లోనే ప్రత్యేక తెలంగాణ ఆందోళన కాలేజీలకు పాకింది. చదువులు ఆగిపోయాయి. వరంగల్‌లో పి.యు.సి. చదువుతున్న మా పెదనాన్న ఊరికి వచ్చేశారు. ఆ ఫిబ్రవరిలో శివరాత్రికి కురవి వీరభద్రస్వామి జాతర. కోరమీసాల వీరన్న జాతరంటే చుట్టుపట్ల ఊళ్లన్నీ కదిలివస్తాయి. జాతరలో ఫోటోల డేరా వేశారు. వెనక రంగుల పరదా, పరదా మీద తాజ్‌మహల్, ముందు ఒక కుర్చీ. ఆ పరదా ముందు ముగ్గురు మిత్రులు నిలబడ్డారు.

ఆనాడు ఫోటో అంటే ఖర్చు. సాధారణ మధ్యతరగతి చేతికి అందిన అగ్ఫా క్లిక్ వంటి పెట్టె కెమెరాలో ఒక రీలుకు 12 బొమ్మలే పడేవి. మన దేశంలో ఫిల్ము తయారీకి ఊటీలో పెట్టిన ప్రభుత్వ కర్మాగారం, హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్, ఉత్పత్తి మొదలుపెట్టిందే 1967లో. కాబట్టి ఫోటోకు ఎవరు అర్హులు, ఎవరు కారు అన్న నిర్ణయం కెమెరా మీట నొక్కక ముందే జరిగిపోయేది. పెళ్లి, చావు, బడి గ్రూపు ఫోటో, జాతర - వీటికి మించి పల్లెలో కెమెరా కన్ను తెరిచేది కాదు. నాటు వేసే మనిషి నాటు వేస్తుండగా, జీతగాడు పశువుల కాడ ఉండగా ఫోటో తీయాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. ఇది ఫోటోగ్రాఫర్ల తప్పు కాదు. రీలు ధర ఎంతో, కూలి ధర ఎంతో, వాటి మధ్య ఉన్న దూరం ఆ నిర్ణయం చేసింది.

ఇక జుట్టు సంగతి. మా పెదనాన్న బతికి ఉండగా నేను అడిగి తెలుసుకున్నది ఇది. ఆ ముగ్గురిలో ఒకాయనది మొక్కు జుట్టు. ఫోటో దిగిన మరునాడే వీరన్నకు సమర్పించాడు. రెండో ఆయనది బద్ధకపు జుట్టు. మూడోది, మా పెదనాన్నది మాత్రమే, పట్టుబట్టి పెంచిన జుట్టు. దిగంబర కవుల సంపుటాల్లోని కవితల్ని నోటుబుక్కులో చేత్తో రాసుకుని, ఇంట్లో తాతయ్యతో మాట్లాడ్డం మానేసిన రోజులవి. ఫోటోలో మాత్రం మూడు జుట్లూ ఒక్కటే. భక్తి, బద్ధకం, ధిక్కారం - మూడింటినీ కెమెరా ఒకే నలుపుగా పట్టింది. ఛాయాచిత్రం అబద్ధం చెప్పదని మనం అనుకుంటాం. నిజమే, అది అబద్ధం చెప్పదు. కారణం చెప్పదు, అంతే. కారణం తెలియని నిజం చూసేవాడు ఏది అనుకుంటే అదే అవుతుంది.

ఆ ఫోటో వెనుక మా పెదనాన్న సిరాతో రాసిన రాత ఉంది. ఊరు, తేదీ, కింద పేర్లు. ముందు ముగ్గురు నిలబడ్డారు కదా, వెనుక పేర్లు నాలుగు. ఆ నాలుగో పేరు ఎవరిదని అడిగితే, కొంచెంసేపు ఊరుకుని చెప్పారు. అది మా ఇంట్లో జీతం ఉన్న మనిషి పేరు. వీళ్లతో పాటే జాతరకు వచ్చాడు. వీళ్లు డేరాలోకి పోయినప్పుడు బయట మూడు సైకిళ్లు పట్టుకుని నిలబడ్డాడు. ఇంటికి వచ్చాక మా పెదనాన్నకు అది గుచ్చుకున్నదట. బొమ్మలో లేని మనిషిని రాతలో చేర్చారు.

ఈ నాలుగో పేరు దగ్గరే నేను ఆగాను. మన అరవైల సాహిత్యపు గొప్పతనమూ, దాని పరిమితీ రెండూ ఆ పేరులో ఉన్నాయని నా అభిప్రాయం. అయితే అది చెప్పడానికి ముందు, మా పిల్లవాడి చొక్కా మీది బొమ్మ ఎక్కడి నుంచి నడిచివచ్చిందో చూడాలి.

3

చే గువేరా బొమ్మను క్యూబా ఫోటోగ్రాఫర్ ఆల్బెర్తో కోర్దా 1960 మార్చి 5న హవానాలో తీశాడు. లా కూబ్ర్ అనే ఓడ పేలుడులో చనిపోయిన వారి సంతాప సభ అది. చే ముఖంలోని ఆ తీక్షణత ఆ చావుల ఎదుట నిలబడ్డ మనిషిది. మొదటి బొమ్మలో ఆయన ఒక్కడే లేడు. ఒక పక్క మరో మనిషి ముఖం, మరో పక్క చెట్టు ఆకులు ఉన్నాయి. వాటిని కత్తిరించారు. ఏడేళ్లపాటు ఆ బొమ్మను లోకం పెద్దగా పట్టించుకోలేదు. 1967లో చే హత్య తర్వాత ఇటలీ ప్రచురణకర్త ఫెల్ట్రినెల్లి పోస్టర్లుగా వేస్తే దేశదేశాల విద్యార్థుల చేతుల్లోకి వెళ్లింది. ఆ తర్వాత చొక్కాల మీదికి, కప్పుల మీదికి, చివరికి వోడ్కా ప్రకటనలోకి కూడా వెళ్లింది. 2000లో కోర్దా ఆ ప్రకటన మీద దావా వేసి, రాజీలో వచ్చిన 50,000 డాలర్లను క్యూబా పిల్లల వైద్యానికి ఇచ్చేశాడు. మనిషిని చంపిన వ్యవస్థే అతని ముఖాన్ని సరుకుగా అమ్ముకోగలిగింది. ఎలా అమ్మగలిగింది? సంతాప సభను కత్తిరించింది కాబట్టి. పక్క మనిషిని కత్తిరించింది కాబట్టి. చివరికి మిగిలిన ముఖానికి ఏ సందర్భమూ లేదు. సందర్భం లేని ముఖం ఏ సరుకుకైనా అతుకుతుంది.

మరో బొమ్మ. 1970 మే 4న అమెరికాలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో, కంబోడియా మీద దాడిని నిరసిస్తున్న విద్యార్థుల మీద నేషనల్ గార్డ్ సైనికులు కాల్పులు జరిపి నలుగురిని చంపారు. అక్కడే చదువుకుంటున్న జాన్ ఫిలో, శవం పక్కన మోకాళ్ల మీద కూర్చుని చేతులు చాచి ఏడుస్తున్న ఒక అమ్మాయిని ఫోటో తీశాడు. దానికి 1971లో పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ అమ్మాయికి పద్నాలుగేళ్లు. ఆ విశ్వవిద్యాలయంలో చదివేది కాదు. ఇల్లు విడిచి వచ్చిన బాలిక. అసలు బొమ్మలో ఆమె తల వెనుక కంచె స్తంభం ఒకటి నిలబడి ఉంటుంది. తర్వాత కొన్ని పత్రికల్లో అచ్చయిన ప్రతుల్లో ఆ స్తంభం లేదు. ఎవరో చెరిపేశారు. బొమ్మ ‘అందంగా’ ఉండాలని చెరిపారు. ఏడుపును కూడా చక్కదిద్దే సౌందర్యదృష్టి ఇది. కంచె స్తంభం చిన్న విషయమే కావచ్చు. కానీ ఒక స్తంభాన్ని తీసేయగల చెయ్యి ఒక మనిషిని కూడా తీసేయగలదని మనం మరిచిపోరాదు.

అమెరికాలో ఆనాటి యువతరం చేసిన ధిక్కారం బూటకమని నేను అనడం లేదు. 1967 అక్టోబరు 21న వాషింగ్టన్ సమీపంలోని పెంటగాన్ ముందు తుపాకీ గొట్టాల్లో పూలు గుచ్చిన యువకుడి చేయి నిజమైనదే. బెర్నీ బోస్టన్ తీసిన ఆ ఫోటో నిజమైనదే. వియత్నాం యుద్ధానికి నిర్బంధంగా సైన్యంలోకి లాగబడుతున్న తరం ఆ పూలు పట్టుకున్నది. అయితే ఆ పూల వెనుక ఉన్న వియత్నాం మెల్లగా మసకబారి పూలు మాత్రం మిగిలాయి. 1969 ఆగస్టు వుడ్‌స్టాక్ సంగీతోత్సవం నుంచి ఒకే దుప్పటి కప్పుకున్న జంట మిగిలింది. వినిమయ సంస్కృతిని ధిక్కరించిన వారి దుస్తులే వినిమయ వస్తువులైపోయాయి. మా బడి పిల్లల చేతికి అందిందీ ఆ మిగులే.

4

ఇప్పుడు మన నేల మీదికి వద్దాం. తెలుగులో అరవైల ధిక్కారం ఏది? దాని ఫోటో ఏది?

అరవైల ధిక్కారమనగానే సాహిత్య విద్యార్థి చెప్పే జవాబు దిగంబర కవులు. 1965, 1966, 1968లలో వెలువడిన మూడు సంపుటాలు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న - ఆరుగురు. కులం చెప్పే పేర్లను, ఇంటిపేర్లను వదిలి కొత్త పేర్లు పెట్టుకున్నారు. వారాలకు, ఋతువులకు కూడా కొత్త పేర్లు పెట్టుకున్నారు. ఈ ఆరుగుర్ని అమెరికా బీట్ కవులతో, కలకత్తా హంగ్రీ తరంతో పోల్చడం మన విమర్శలో అలవాటుగా వస్తున్నది. పోలికకు ఆధారం లేకపోలేదు. ఆలెన్ గిన్స్‌బర్గ్ 1962-63లో మన దేశంలో, కలకత్తాలో, కాశీలో ఉన్నాడు. హంగ్రీ ఉద్యమం 1961లో మొదలై, 1964లో మలయ్ రాయ్ చౌధురి అరెస్టుతో దేశమంతా తెలిసింది. ఆ గాలి హైదరాబాదుకు తగలలేదనడం సబబు కాదు.

కానీ పోలిక ఎక్కడ ఆగాలో గమనించాలి. అక్కడి యువకుడు అధికోత్పత్తి సమాజంలో ఊపిరాడక ఇల్లు విడిచాడు. ఇక్కడి యువకుడికి విడవడానికి నిండిన ఇల్లే లేదు. 1962 యుద్ధం, 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలిక, 1965-66 కరువు, తిండిగింజల కొరత - ఇవీ ఆ ఆగ్రహానికి పునాదులు. 1943లో తెనాలిలో పుట్టిన అభ్యుదయ రచయితల సంఘం అప్పటికి స్తబ్ధతలో ఉంది. అభ్యుదయం పేరు చెప్పుకుని సన్మానాలు పొందే కవిత్వం, సినిమా పాట, ఆస్థాన పదవి - వీటి మీద విసుగు కూడా ఆ ఆగ్రహంలో ఉంది. ఒకే రకం జుట్టు ఉన్నంత మాత్రాన ఒకే కారణం ఉండదని మా ఇంటి ఫోటో చెప్పింది కదా. దేశాల విషయంలోనూ అంతే.

ఇంకో భేదం మౌలికమైనది. పాశ్చాత్య దేశాల్లో ఆనాటి నగ్నత్వం కెమెరా ముందుకు వచ్చింది, బొమ్మగా అచ్చయింది, అమ్ముడైంది. మన దిగంబరత్వం మాటలోనిది. బట్ట విప్పడం కాదు, కపటాన్ని విప్పడం. దాన్ని ఏ కెమెరా పట్టలేదు. పట్టాలంటే కవిత చదవాలి. అందువల్లనే దిగంబర కవిత్వాన్ని చొక్కా మీద అచ్చువేసి అమ్మడం ఎవరికీ సాధ్యం కాలేదు. ఇది ఆ కవిత్వానికి అనుకోకుండా దక్కిన రక్షణ.

అయితే ఆ కవులు చేసిన పనుల్లో బొమ్మకు అత్యంత దగ్గరగా వచ్చినది ఒకటుంది. అది సంపుటాల ఆవిష్కరణ. 1965 మేలో హైదరాబాదులో మొదటి సంపుటాన్ని అర్ధరాత్రి వేళ రిక్షా తొక్కే నాంపల్లి పాండు ఆవిష్కరించాడు. 1966 డిసెంబరులో విజయవాడలో రెండో సంపుటాన్ని క్లీనరు పని చేసే జంగాల చిట్టి ఆవిష్కరించాడు. 1968 సెప్టెంబరులో విశాఖపట్నంలో మూడో సంపుటాన్ని బిచ్చమెత్తుకునే యశోద ఆవిష్కరించింది. అప్పటిదాకా పుస్తకావిష్కరణ అంటే మంత్రి, న్యాయమూర్తి, పూలదండ, పక్కన ఫోటోగ్రాఫరు. ఆ మొత్తం దృశ్యాన్ని వీళ్లు తలకిందులు చేశారు. అది వట్టి ప్రదర్శన అని విమర్శించినవాళ్లున్నారు. ప్రదర్శనే. కానీ ఏ ప్రదర్శన? మంత్రి నిలబడే చోట రిక్షా కార్మికుణ్ణి నిలబెట్టిన ప్రదర్శన.

ఇక్కడ నేను ముఖ్యమని భావించేది వారిని నిలబెట్టడం ఒక్కటే కాదు, వారి పేర్లు రాయడం. ‘ఒక రిక్షా కార్మికుడు’ అని రాసి ఊరుకోలేదు. నాంపల్లి పాండు అని రాశారు. అందుచేతనే అరవై ఏళ్ల తర్వాత కురవి దగ్గరి ఒక పంతులు ఆ పేరు రాయగలుగుతున్నాడు. మా ఊళ్లో పదో శతాబ్దపు తెలుగు గద్య శాసనం దొరికింది. తెలుగు వచనానికి తొలి సాక్ష్యాల్లో అదొకటని మేము గొప్పగా చెప్పుకుంటాం. శాసనం రాతిమీద నిలిపింది పాలకుల పేర్లను. వెయ్యేళ్ల తర్వాత తెలుగు పుస్తకం ఒక రిక్షా కార్మికుడి పేరును తన పుట్టుకకు సాక్షిగా నిలిపింది. ఈ రెండింటి మధ్య దూరమే తెలుగు సాహిత్యంలో ప్రజాస్వామ్యం నడిచిన దూరం అంటాను.

అంటే దిగంబర కవులు చేసింది ఒక ఫోటో వెనుక రాత వంటి పని. చరిత్ర చట్రంలోకి రాని మనిషి పేరును పుస్తకంతో పాటు కట్టి పంపారు. మా పెదనాన్న నాలుగో పేరు రాయడం ఆ ప్రభావమేనా అని నేను అడగలేదు. కానీ ఆ కవితల్ని చేత్తో ఎత్తి రాసుకున్న చెయ్యే ఆ పేరు రాసింది. అది యాదృచ్ఛికమని నేను అనుకోను.

5

గొప్పతనం చెప్పాక పరిమితి చెప్పకపోతే అది విమర్శ కాదు, స్తోత్రం.

పాండు, చిట్టి, యశోద పుస్తకాన్ని ఆవిష్కరించారు. పుస్తకంలో వారు మాట్లాడలేదు. వారి తరఫున ఆరుగురు చదువుకున్న మగవాళ్లు మాట్లాడారు. ఆ ఆరుగురిలో ఒక్క స్త్రీ లేదు. పైగా కుళ్లిన వ్యవస్థను తిట్టడానికి ఆ కవిత్వం పదేపదే స్త్రీ శరీరాన్నే ఉపమానంగా వాడుకున్నది. స్త్రీవాద విమర్శకులు దీన్ని ఎత్తి చూపారు, సరిగానే చూపారు. మూడో సంపుటాన్ని యశోద చేత ఆవిష్కరింపజేసిన కవిత్వం, లోపలి పుటల్లో యశోద వంటి స్త్రీల దేహాన్ని తిట్టుగా మార్చిందంటే, ఆ వైరుధ్యాన్ని మనం కప్పిపుచ్చరాదు. పేరు దక్కింది, గొంతు దక్కలేదు.

ఈ లోటు ఆ కవుల్లోనే కొందరికి తెలిసింది. వట్టి ఆగ్రహం చాలదని, దానికి దిశ కావాలని అనుకున్నారు. 1967 నక్సల్బరీ, ఆ తర్వాత శ్రీకాకుళ పోరాటం ఆ దిశను ముందుకు తెచ్చాయి. 1970 జూలై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడినప్పుడు నలుగురు అందులో చేరారు. భైరవయ్య, మహాస్వప్న చేరలేదు. 1971లో నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజులను ముందస్తు నిర్బంధ చట్టం కింద అరెస్టు చేశారు. చెరబండరాజు మా వృత్తివాడే, పంతులు. 1974 సికింద్రాబాద్ కుట్రకేసులో ముద్దాయి అయ్యాడు. 1982 జూలై 2న మరణించేనాటికి ఆయన కవిత పాటగా మారి సభల్లో, ఊరేగింపుల్లో వినపడుతున్నది. ఆరుగురిలో ఎవరి దారి సరైనదన్నది వేరే చర్చ. ఇక్కడ గమనార్హమైనది ఒకటి: అచ్చులో మొదలైన ధిక్కారం జనం నోటిదాకా నడిచింది.

మరో సంగతి కూడా మరవరాదు. అరవైల చివర మన దగ్గర ఫోటోలు తక్కువ ఉండటానికి పేదరికం ఒక్కటే కారణం కాదు. పోరాటంలోకి వెళ్లినవాడికి ఫోటో ప్రమాదం. 1871లో పారిస్ కమ్యూన్ కార్మికులు అడ్డుగోడల మీద నిలబడి ఉత్సాహంగా దిగిన ఫోటోలే, ఓటమి తర్వాత వాళ్లను గుర్తుపట్టడానికి పోలీసులకు పనికివచ్చాయి. రాజ్యానికి ముఖం కావాలి. పోరాడేవాడికి ముఖం దాచుకోవలసిన అవసరం ఉంటుంది. 1969 డిసెంబరులో కాల్చివేతకు గురైన సుబ్బారావు పాణిగ్రాహిని ప్రజలు గుర్తుపెట్టుకున్నది జముకుల కథ ద్వారా, పాట ద్వారా. కాబట్టి ఫోటో లేనంత మాత్రాన చరిత్ర లేదనుకోవడం, ఫోటో ఎక్కువ ఉన్నవాడే చరిత్ర చేశాడనుకోవడం - రెండూ పొరపాట్లే. అమెరికా అరవైలు మనకు స్పష్టంగా కనిపించి, మన అరవైలు మసకగా కనిపించడానికి కారణం మన ధిక్కారం చిన్నది కావడం కాదు. కెమెరా ఎవరి దగ్గర ఎక్కువ ఉందో వాళ్ల జ్ఞాపకమే ప్రపంచపు జ్ఞాపకంగా చలామణి కావడం.

గొంతు దక్కని లోటును తర్వాతి తరాలు తీర్చాయి. ఇంకొకరు తమ తరఫున మాట్లాడటం చాలదని స్త్రీలు 1993లో ‘నీలిమేఘాలు’ సంకలనంతో చెప్పారు. దళితులు 1995లో ‘చిక్కనవుతున్న పాట’తో చెప్పారు. యశోద, పాండు ఏ ఇళ్ల నుంచి వచ్చారో ఆ ఇళ్ల పిల్లలు కలం పట్టుకున్నారు. అరవైల కవి వాళ్ల పేరు రాశాడు. తొంభైలలో వాళ్లు తమ పేరు తాము రాసుకున్నారు. మొదటిదాన్ని కాదని రెండోది లేదు. అలాగని మొదటి దగ్గరే ఆగిపోయి ఉంటే, ఆ మొదటిది కూడా దయగానే మిగిలిపోయేది.

6

వీడ్కోలు రోజు తర్వాత నేను ఒక పని చేశాను. ఫోటో వెనుక ఉన్న నాలుగో పేరు మనిషి ఇప్పుడు లేడు. ఆయన భార్య ఉంది. మనవరాలు మా బడిలోనే చదువుతున్నది. ఆ అమ్మాయితో కలిసి వాళ్ల ఇంటికి వెళ్లి ఫోటో చూపించాను. ముందు బొమ్మ చూపించి, తర్వాత తిప్పి పేరు చూపించాను. మనవరాలు చదివి వినిపించింది. నిజం చెప్పాలంటే, ముసలావిడ సంతోషిస్తుందనుకున్నాను. మా పెదనాన్న గురించి మంచి మాట వినాలన్న ఆశ కూడా నాలో ఉండి ఉంటుంది.

ఆమె చాలాసేపు బొమ్మ వైపే చూసింది. తర్వాత, ‘పేరు రాసిండు, మంచిదే సారూ. గని గా ఇంత లోపటికి పిలిచి పక్కన నిలబెడితే ఏమైతుండె?’ అంది.

నా దగ్గర జవాబు లేదు. దిగంబర కవిత్వం మీద నేను చదివిన విమర్శ వ్యాసాలన్నీ కలిపి చెప్పినదానికంటే ఎక్కువ ఆ ఒక్క మాట చెప్పింది. ఆయన పేరును ఈ వ్యాసంలో అచ్చువేయమంటారా అని అడిగాను. ‘మొకం లేని పేరు ఎందుకు సారూ’ అంది. అందుకే ఇక్కడ రాయలేదు. పేరు రాయడం గొప్ప పని అని ఇంతసేపు వాదించినవాణ్ణి, ఆ పేరు రాయకుండా ముగిస్తున్నాను. రాసే హక్కు నాది కాదని ఆమె చెప్పింది. ఆ హక్కు ఎవరిదన్న ప్రశ్న అరవైల కవులు పూర్తిగా వేసుకోని ప్రశ్న. నేను కూడా ఆ గడపలో నిలబడేదాకా వేసుకోలేదు.

మరి సాహిత్య విమర్శకుడి పని ఏమిటి? వాల్టర్ బెన్యమిన్ 1931లోనే ఛాయాచిత్రాల చరిత్ర గురించి రాస్తూ, బొమ్మ కింద రాత లేకపోతే బొమ్మ అసంపూర్ణమని హెచ్చరించాడు. గిన్స్‌బర్గ్ తాను తీసిన పాత ఫోటోలను 1980లలో మళ్లీ ముద్రించి, ప్రతి బొమ్మ కిందా తన చేతిరాతతో ఎవరు, ఎక్కడ, ఏ స్థితిలో అని రాశాడు. కవి తన తరం వట్టి ముఖాలుగా మిగలకుండా చేసుకున్న ప్రయత్నం అది. మన సాహిత్యోద్యమాల ఫోటోలు ఇంకా ఎన్నో ఇళ్లలో, సంఘాల బీరువాల్లో, పాత పత్రికల్లో ఉన్నాయి. సభ వేదిక మీద కూర్చున్నవాళ్ల పేర్లు మనకు తెలుసు. జెండా కర్ర పట్టుకున్నవాడి పేరు, చాప పరిచినామె పేరు, చివర సగం ముఖం కనిపించే కుర్రవాడి పేరు తెలిసినవాళ్లు ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్నారు. మిత్రులారా, తెలిసినవాళ్లు బతికి ఉండగానే ఆ ఫోటోల వెనుక రాయించండి. ఎవరు తీశారు, ఎవరు ఉన్నారు, ఎవరు బయట నిలబడ్డారు - ఈ మూడు ప్రశ్నలూ అడగండి. విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేసే విద్యార్థులకు ఇంతకంటే అవసరమైన అంశం నాకు తోచడం లేదు.

ఇప్పుడు ప్రతి చేతిలో కెమెరా ఉంది. వీడ్కోలు రోజున మా పిల్లలు దిగిన ఫోటోలు వందల్లో ఉంటాయి. రీలుకు 12 అన్న హద్దు పోయింది. అది మంచిదే. నాటు వేసే తల్లిని కూతురు ఫోటో తీస్తున్న కాలం ఇది. కానీ ఫోనులోని ఫోటోకు వెనుక వైపు లేదు. రాయడానికి చోటు లేని బొమ్మలు గుట్టలుగా పడుతున్నాయి. ఆ చోటు మన పాఠంలో, మన వ్యాసంలో కల్పించాలి.

చే చొక్కా పిల్లవాడికి వీడ్కోలు అయిన వారం తర్వాత హవానా సంతాప సభ సంగతి చెప్పాను. కత్తిరించిన పక్క మనిషి సంగతీ చెప్పాను. వాడు విని, ‘ఆ పక్కాయన పేరేంది సార్?’ అని అడిగాడు. హోర్హె మసెత్తి, పత్రికా రచయిత, అని చెప్పాను. బల్ల మీద ఉన్న నోటుబుక్కు తీసి రాసుకున్నాడు.